40 రోజుల కోడి: మాంసం కోసమే జాతిని మార్చినందుకు వస్తున్న చిక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పశువైద్యుణ్ణి. కోళ్ళ షెడ్ల చుట్టూ తిరగడమే నా పని. ఏ ఊరు వెళ్ళినా, ఎవరు ఫోన్ చేసినా అవే సందేహాలు. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి రైతు అడిగేదీ, చికెన్ తెచ్చుకున్న ఇల్లాలు అడిగేదీ చివరికి ఒకే విషయం దగ్గరకు వస్తుంది: మాంసం కోసమే పెంచే ఈ బ్రాయిలర్ కోడి ఇంత తొందరగా ఎందుకు పెరుగుతోంది, అలా పెరిగినందుకు ఎవరు నష్టపోతున్నారు? అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాశాను. దశలవారీగా పెట్టాను కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## పిల్ల షెడ్డుకు రాకముందు

40 రోజుల్లో రెండు కిలోలు దాటుతోందంటే హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తున్నట్టే కదా?

కాదు. ఐదు వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కోదాన్నీ పట్టుకుని రోజూ సూది వెయ్యాలంటే ఎంతమంది కూలీలు కావాలో లెక్క వేసుకోండి. మేతలో కలుపుదామన్నా కుదరదు. పెరుగుదల హార్మోన్ ఒక ప్రొటీన్. కడుపులోకి వెళ్తే సోయా చెక్కలో ఉన్న ప్రొటీన్ లాగే అరిగిపోతుంది.

వేగం పిల్ల పుట్టుకలోనే ఉంది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం 1957 నుంచీ, 1978 నుంచీ మార్పు లేకుండా కాపాడిన రెండు రకాలనూ, 2005 నాటి కంపెనీ రకాన్నీ ఒకే మేతతో పెంచి చూసింది. ఫలితాలు 2014లో వచ్చాయి. 56వ రోజున మొదటిది 905 గ్రాములు తూగింది, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు. మేతలో తేడా లేదు, పుట్టుకలోనే తేడా.

హార్మోన్ గురించి భయపడుతూ అసలు సంగతి వదిలేస్తున్నామని నా బాధ. హార్మోన్ అయితే మానేస్తే సరిపోయేది. ఇది కోడి ఒంట్లోనే ఉంది. గుడ్డులోంచి బయటికి వచ్చేనాటికే దాని దారి ఖాయమైపోయి ఉంటుంది.

మా తాత కూడా మంచి పొట్టేలునే మందకు వదిలేవాడు. కంపెనీలు చేసేదీ అదే కదా?

సూత్రం అదే. కానీ మీ తాత ఎంచుకున్న పొట్టేలు అప్పటికే కరువు చూసింది, మైళ్ళకు మైళ్ళు నడిచింది, వానాకాలం జబ్బులకు తట్టుకుంది. అవన్నీ దాటి నిలిచిన వాటిలోంచి ఆయన బలమైనదాన్ని ఏరుకున్నాడు. అంటే సగం ఎంపిక ప్రకృతే చేసిపెట్టింది.

బ్రాయిలర్ విషయంలో అలా కాదు. వేల పిల్లల్ని ఒక్కోటిగా తూచి, ఒక్కోటి ఎంత మేత తిన్నదో కొలిచి, పైనున్న కొద్ది శాతాన్ని మాత్రమే తర్వాతి తరానికి ఉంచుతారు. ఏడాది తిరక్కుండానే కొత్త తరం వస్తుంది. అలా డెబ్బై ఏళ్ళుగా జరుగుతోంది. చాలాకాలం ఆ కొలతల్లో ముందున్నవి మూడే: ఎంత బరువు, ఎంత ఛాతీ మాంసం, ఎంత తక్కువ మేత. గుండె, ఊపిరితిత్తి, కాలి ఎముక ఆ లెక్కలోకి రాలేదు. లెక్కలోకి రానిది వెనకబడింది.

బ్రాయిలర్‌లో మన అసీల్ రక్తం ఉందంటారు, నిజమేనా?

నిజమే. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో మన దేశపు అసీల్ కోళ్ళను అక్కడి పందెం కోళ్ళతో కలిపి ఒక జాతిని తయారు చేశారు. దానికి మొదట ‘ఇండియన్ గేమ్’ అనే పేరు. తర్వాత కార్నిష్ అన్నారు. పందెం కోసం పుట్టినా వెడల్పాటి ఛాతీ వల్ల మాంసానికి పనికొచ్చింది.

ఇక అమెరికాలో 1940ల చివర ‘రేపటి కోడి’ అనే పోటీ పెట్టారు. దేశం నలుమూలల నుంచి గుడ్లు తెప్పించి, ఒకేచోట పొదిగించి, పెంచి, కోసి, మాంసం చూసి మార్కులు వేశారు. 1948 జాతీయ పోటీలో గెలిచింది కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఎర్ర కార్నిష్, న్యూ హాంప్‌షైర్ అనే రెండు జాతుల సంకరం. ఈనాటి బ్రాయిలర్‌కు మూలాలు అక్కడే.

మన పల్లెల్లో అసీల్ పుంజును చూసినవాళ్ళకు దాని నిలబడే తీరు తెలుసు. మెడ నిటారుగా, కాళ్ళు ఇనపకడ్డీల్లా ఉంటాయి. ఆ జాతి నుంచి ఛాతీ తీసుకున్నారు. ఆ కాళ్ళు మాత్రం వెంట రాలేదు.

బ్రాయిలర్ పుంజూ పెట్టా ఉంచుకుని నేనే పిల్లలు తీయించుకుంటే ఖర్చు కలిసిరాదా?

కలిసిరాదు. మీ షెడ్డులోది నాలుగైదు వేర్వేరు మెట్ల మీదుగా వచ్చిన సంకరం. దాని పిల్లలు దానిలా ఉండవు, ఒక్కోటి ఒక్కో తీరుగా పెరుగుతాయి. పైగా కడుపునిండా మేపిన బ్రాయిలర్ గుడ్డు పెట్టే వయసు దాకా బతకడమే కష్టం. బతికినా కొవ్వు పట్టి గుడ్లు సరిగా పెట్టదు. పుంజు బరువుకు జతకట్టలేదు. హైబ్రిడ్ మొక్కజొన్న గింజను తిరిగి విత్తనంగా వేసుకోలేనట్టే ఇదీ. ప్రతి బ్యాచ్‌కూ పిల్ల కొనక తప్పదు.

తల్లికోళ్ళను ఆకలితో మాడుస్తారని విన్నాను. ఎందుకు?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, అందరూ అడగాల్సింది ఇదే అనిపిస్తుంది నాకు. బ్రాయిలర్ పిల్లకు ఉన్న ఆకలే దాన్ని కన్న తల్లికీ ఉంటుంది. పిల్లకు ఆయుష్షు 40 రోజులు. తల్లి మాత్రం ఆరు నెలలు పెరిగి, ఆ తర్వాత 60 వారాల వయసు దాటేదాకా గుడ్లు పెట్టాలి. దాన్ని ఇష్టమొచ్చినట్టు తిననిస్తే కాళ్ళు పడిపోతాయి, గుండె ఆగిపోతుంది, గుడ్లు తగ్గిపోతాయి. అందుకని పెరిగే దశలో దానికి పెట్టేది, కడుపునిండా తినగలిగే దాంట్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే.

మేత పడిన కొద్ది నిమిషాల్లో గిన్నెలు ఖాళీ. ఇక మర్నాటి దాకా ఏమీ ఉండదు. ఖాళీ గిన్నెనే పొడుస్తుంటాయి, గోడను పొడుస్తుంటాయి, కడుపు నింపుకోవడానికి నీళ్ళు విపరీతంగా తాగుతాయి. కింద పరిచిన ఊక (లిట్టర్) తడిసిపోతోందని ఆ నీళ్ళకు కూడా కొలత పెట్టాల్సి వస్తుంది. వీళ్ళు క్రూరులనో వాళ్ళు క్రూరులనో చెప్పడం లేదు. మేపితే చస్తుంది, మేపకపోతే ఆకలితో అలమటిస్తుంది. అలాంటి జీవిని తయారు చేసుకున్నాం.

అన్ని షెడ్లలోనూ ఒకటి రెండు రకాల పిల్లలే. ఇది ప్రమాదమా?

అవును. ప్రపంచంలో బ్రాయిలర్ మూల జాతులు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని సంస్థల చేతిలోనే ఉన్నాయి. 2008లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన, వాణిజ్య కోళ్ళ వంశాల్లో పాత జాతుల్లో కనిపించే జన్యు వైవిధ్యం సగమో అంతకన్నా ఎక్కువో లేకుండా పోయిందని తేల్చింది. రేపు కొత్త జబ్బు వచ్చినా, ఎండ ఇంకా పెరిగినా, తట్టుకునే గుణం వెతుక్కోవడానికి చేతిలో ఉన్న సరుకు తక్కువ. అసీల్, కడక్‌నాథ్, మన పెరటి నాటుకోళ్ళు కాపాడుకోవాలని చెప్పేది అందుకే.

## మొదటి మూడు వారాలు

మొదటి వారం ఎంత మేపితే అంత మంచిదని కంపెనీ సూపర్‌వైజర్ చెప్పాడు. రాత్రంతా లైట్లు వేసి ఉంచాలా?

రోజు పిల్ల 40 గ్రాములకు కాస్త పైన ఉంటుంది. వారం తిరిగేసరికి నాలుగు రెట్లు దాటుతుంది. మొదటి రెండు మూడు రోజులు మేత, నీళ్ళు ఎక్కడున్నాయో పిల్లకు తెలియాలి కాబట్టి వెలుతురు ఎక్కువే ఉండాలి. ఆ తర్వాత మాత్రం రాత్రి చీకటి ఇవ్వండి.

చీకట్లో పిల్ల తినదు, పడుకుంటుంది. ఆ కొద్ది గంటల్లో కండ కాస్త నెమ్మదిస్తుంది, ఎముకకూ గుండెకూ అందుకునే సమయం దొరుకుతుంది. యూరప్‌లో చట్టమే ఉంది: మొదటి వారం దాటాక రోజుకు కనీసం 6 గంటల చీకటి, అందులో 4 గంటలు మధ్యలో లైటు వెయ్యకుండా ఇవ్వాలి. మన దగ్గర ఆ నిబంధన లేకపోయినా ఆ పని మన చేతిలోదే. 20వ రోజున బరువు కొద్దిగా తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడకండి. చివరికి చాలావరకు పూడుకుంటుంది, చనిపోయేవి తగ్గుతాయి.

నాటుకోడికి ఏ టీకా లేకపోయినా బతుకుతుంది. బ్రాయిలర్‌కు అన్నీ వేసినా జబ్బులెందుకు?

ముందు ఒక అపోహ తీసేద్దాం. నాటుకోడికి జబ్బు రాదనేది తప్పు. కొక్కెర తెగులు వచ్చిందంటే ఊరిలో పెరటి కోళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వాటికీ టీకా వేయించాల్సిందే.

బ్రాయిలర్ సంగతి వేరు. తిన్న మేతలో ఎక్కువ భాగం కండకే పోయేలా దాన్ని ఎంచుకుంటూ వచ్చారు. రక్షణ వ్యవస్థకు కూడా శక్తి కావాలి, సమయమూ కావాలి. 40 రోజుల బతుకులో రెండూ తక్కువే. దానికి తోడు వేల కోళ్ళు ఒకే కప్పు కింద, ఒకే ఊక మీద. ఆ లోటు పూడ్చడానికి మందుల మీద ఆధారపడటం అలవాటైంది. యాంటీబయాటిక్‌ను బరువు పెరగడానికి మేతలో కలపడం ఎంత ముప్పో అందరికీ తెలియాలి. మనుషులకు చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను పశువుల్లో, కోళ్ళలో వాడకుండా మన దేశం 2019లో నిషేధించింది. డాక్టరు రాయని మందు షెడ్డులోకి రానివ్వకండి.

## చివరి వారాలు

బాగా మేస్తున్న కోడి ఉన్నట్టుండి రెక్కలు కొట్టుకుని వెల్లకిలా పడి చచ్చిపోయింది. ఎవరైనా విషం పెట్టారా?

విషం కాదు. ఇలా చచ్చేవి ఎక్కువగా పుంజులే, అందులోనూ షెడ్డులో అన్నిటికన్నా బాగా ఎదిగినవి. కోసి చూస్తే మేతసంచి నిండుగా ఉంటుంది, ఒంట్లో జబ్బు లక్షణం ఏదీ కనిపించదు. గుండె లయ తప్పి ఒక్క నిమిషంలో ప్రాణం పోతుంది. అంటురోగం కాదు కాబట్టి షెడ్డంతా మందు కొట్టాల్సిన పనిలేదు. పెరుగుదల వేగాన్ని కొంచెం తగ్గించడమే దీనికి మందు: రాత్రి చీకటి, తొలి రోజుల్లో కాస్త పలచని మేత. షెడ్డులో ఉన్నట్టుండి అరుపులు, పరుగులు లేకుండా చూసుకోవడం కూడా మంచిది.

పొట్ట ఉబ్బి, కోస్తే లోపల పసుపుపచ్చ నీళ్ళు. తాగే నీటిలో తేడానా?

తాగిన నీళ్ళు కావవి. కోడి ఊపిరితిత్తులు మన వాటిలా ఉబ్బవు, పక్కటెముకలకు అతుక్కుని గట్టిగా ఉంటాయి. కండ పెరిగే వేగానికి కావలసినంత గాలి వాటికి అందదు. ఆ లోటు తీర్చడానికి గుండె కుడి భాగం బలంగా రక్తం తోస్తూ తోస్తూ ఉబ్బిపోతుంది. చివరికి వెనక్కి ఒత్తిడి పెరిగి కాలేయం నుంచి నీరు ఊరి పొట్టలో చేరుతుంది. జుట్టు నల్లబడటం, నోరు తెరిచి ఎగశ్వాస తీయడం ముందుగా కనిపిస్తాయి.

చలికాలంలో ఇది ఎక్కువ. చలికి ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవాలంటే మరింత గాలి కావాలి. మనవాళ్ళేమో వెచ్చదనం పోతుందని పరదాలన్నీ కట్టేస్తారు. లోపల అమోనియా ఘాటు కళ్ళు మండిస్తుంది, గాలి తగ్గిపోతుంది. తెల్లవారుజామున షెడ్డులోకి వెళ్ళగానే మీ కళ్ళు మండాయంటే పై పరదా జానెడు దింపండి.

30 రోజులకే కుంటుతున్నాయి. కాల్షియం పోస్తే లేస్తాయా?

మేతలో కాల్షియమో, భాస్వరమో, డి విటమినో నిజంగా తగ్గి ఉంటే లేస్తాయి. కానీ కంపెనీ మేత తినే షెడ్లలో నేను చూసిన కుంటు చాలావరకు అది కాదు. నీళ్ళలో కాల్షియం సీసా మీద సీసా పోసి డబ్బు పోగొట్టుకున్న రైతులు నాకు చాలామంది తెలుసు.

అసలు కారణం బరువుకూ ఎముకకూ పొంతన లేకపోవడం. ఎముక గట్టిపడటానికి కొంత కాలం కావాలి. కండ ఆ కాలం ఇవ్వదు. ఛాతీ పెద్దదయ్యేకొద్దీ బరువంతా ముందుకు వస్తుంది, కాళ్ళు ఎడంగా పెట్టి ఊగుతూ నడుస్తుంది. ఎముక చివర మెత్తగా ఉన్నచోట సన్నని పగుళ్ళు పడతాయి. రక్తంలో తిరిగే సూక్ష్మజీవులు ఆ పగుళ్ళలో చేరి తొడ ఎముక తలను కుళ్ళబెడతాయి. కోసి చూసినప్పుడు తొడ విరిచి లాగితే ఎముక తల పొడిపొడిగా ఊడివస్తుంది.

ఇది ఎంత మామూలో చెప్పడానికి ఒక లెక్క. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు బ్రిటన్‌లో 51,000 కోళ్ళ నడక చూసి 2008లో ప్రచురించారు. సగటున 40 రోజుల వయసులో 27.6 శాతం కోళ్ళ నడక బాగా దెబ్బతిని ఉంది, 3.3 శాతం దాదాపు నడవలేని స్థితిలో ఉన్నాయి. కారణాల్లో కోడి రకం ఉంది, వయసు ఉంది, ఇరుకు ఉంది, చీకటి గంటలు తక్కువ కావడం కూడా ఉంది. చివరి రెండూ రైతు మార్చగలిగినవి.

కోడికి ఆ నొప్పి తెలుస్తుందా? మేత తింటూనే ఉంది కదా?

తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగం చేశారు. రెండు రంగుల మేత పెట్టి, ఒక దాంట్లో నొప్పి తగ్గించే మందు కలిపారు. మామూలు కోళ్ళకన్నా కుంటి కోళ్ళు ఆ మందు మేతను ఎక్కువ ఏరుకుని తిన్నాయి. కుంటు ఎక్కువైనకొద్దీ తినే మందూ పెరిగింది. నోరులేని జీవి ఇంతకన్నా స్పష్టంగా ఎలా చెబుతుంది?

తింటూ ఉండటం బాగున్నదానికి గుర్తు కాదు. ఆకలి దాని ఒంట్లో అంత బలంగా నాటుకుపోయింది. బాగున్న బ్రాయిలర్లే రోజులో నాలుగింట మూడు వంతుల సమయం పడుకుని గడుపుతాయని కొలిచారు, కుంటివి ఇంకా ఎక్కువ. గంటల తరబడి తడి ఊక మీద ఆనుకుని పడుకోవడం వల్లే అరికాళ్ళలో పుళ్ళు, మోకాళ్ళ దగ్గర నల్లటి మచ్చలు. చికెన్ కొట్టులో కాళ్ళు చూస్తే మీకే కనిపిస్తాయి.

మే నెలలో పెద్ద కోళ్ళే ఎందుకు చస్తాయి? చిన్నవి బాగానే ఉంటున్నాయి.

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి బయటికి పంపాలి. మామూలుగానే దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైన ఉంటుంది. కండ ఎక్కువైనకొద్దీ, తిన్నకొద్దీ లోపల పుట్టే వేడి ఎక్కువ. పెద్ద కోడిలో వేడి పుట్టే కండ పెరిగినంతగా, వేడి బయటికి పోయే ఒంటి పైభాగం పెరగదు. చలి దేశాల్లో బరువు కోసం ఎంచిన కోడిని రెంటచింతల ఎండలో, రామగుండం ఎండలో పెంచుతున్నాం. 2015 మే వడగాడ్పుల్లో రెండు రాష్ట్రాల్లో లక్షల కోళ్ళు పోయాయి.

ఎండలు ముదిరితే పగటి పూట మేత ఎత్తేసి తెల్లవారుజామునా చీకటి పడ్డాకా పెట్టండి. కప్పు మీద గడ్డి పరిచి తడపండి. వేసవి బ్యాచ్‌కు పిల్లల సంఖ్య తగ్గించి, రెండు కిలోలు దాటకముందే కోళ్ళను ఎత్తుకెళ్ళేలా (లిఫ్టింగ్) కంపెనీతో ముందే మాట్లాడుకోండి.

చివరి వారంలో చచ్చిన కోళ్ళ నష్టం ఎవరిది? పిల్ల కంపెనీదే కదా?

కంపెనీ పిల్లనూ మేతనూ ఇస్తుంది, రైతు తన షెడ్డులో పెంచి ఇస్తాడు, ఒప్పందం అది. కాగితం మీద పిల్ల కంపెనీదే, మేతా కంపెనీదే. కానీ రైతుకు డబ్బు వచ్చేది తూకానికి వచ్చిన కిలోల మీద. 35వ రోజున చచ్చిన కోడి అప్పటికే రెండు మూడు కిలోల మేత తిని ఉంటుంది. ఆ మేత లెక్కలో ఉంటుంది, కోడి మాత్రం తూకంలో ఉండదు. ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు ఎంత మేత పడిందనే లెక్క) చెడిపోయి, గ్రోయింగ్ ఛార్జీలో (పెంచినందుకు కంపెనీ ఇచ్చే డబ్బులో) కోత పడుతుంది. షెడ్డు అప్పు, కరెంటు బిల్లు, ఊక ఖర్చు అలాగే నిలుస్తాయి.

గుండె ఆగి చచ్చినా, పొట్టలో నీరు చేరి చచ్చినా ‘నిర్వహణ లోపం’ అని రాసిన కాగితాలు నేను చూశాను. జాతి లోపాన్ని రైతు మెడకు చుట్టడం అన్యాయం. చచ్చిన కోడిని పూడ్చిపెట్టేముందు ఫోటో తీయండి, వారానికోసారైనా పశువైద్యుడితో కోయించి కారణం రాయించి పెట్టుకోండి. ఒప్పందం కుదిరేటప్పుడే ఈ రకం చావులను విడిగా లెక్కించమని అడగండి. ఒక్కరు అడిగితే వినరు, పదిమంది కలిసి అడగాలి.

## కత్తి దగ్గరా వంటింట్లోనూ

బోన్‌లెస్ ముక్క చెక్కలా గట్టిగా ఉంది, మీద తెల్లటి చారలు. తినొచ్చా?

వాసన బాగుంటే తినొచ్చు, అది అంటువ్యాధి కాదు. ఛాతీ కండ పోగులు లావవుతూ పోయి, వాటికి రక్తం తెచ్చే నాళాలు చాలక, పోగులు చచ్చిపోతాయి. ఆ స్థానంలో కొవ్వూ నారా చేరతాయి. కొవ్వు చారలుగా కనిపిస్తుంది, నార వల్ల గట్టిపడుతుంది. అలాంటి ముక్కలో కొవ్వు ఎక్కువ, ప్రొటీన్ తక్కువ. బరువైన కోళ్ళలో ఇది ఎక్కువ కాబట్టి, రెండు కిలోల లోపు కోడిని ఎదురుగా కోయించుకునేవాళ్ళకు తక్కువ తగులుతుంది. కూరకు బాగోకపోతే ఖీమా కొట్టించుకోండి.

నాటుకోడి రుచి దీనికెందుకు రాదు?

వయసు. బ్రాయిలర్ ఒళ్ళు పెద్దదే కానీ అది ఇంకా పిల్లే. కోతకు వెళ్ళే కోళ్ళ బుట్ట దగ్గర చెవి పెట్టి వినండి, ఇంకా పిల్లల్లాగే కియ్యి కియ్యిమంటుంటాయి. నాటుకోడి అయిదారు నెలలు తిరిగి, గెంతి, గింజా పురుగూ ఏరుకుని పెరుగుతుంది. ఆ కండకు గట్టిదనం, ఆ కొవ్వుకు కమ్మదనం అలా వస్తాయి. మసాలా ఎంత దట్టించినా 40 రోజులకు ఆరు నెలల రుచి రాదు.

ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి కావడం బ్రాయిలర్ వల్లేనట. పిల్లలకు పెట్టడం మానేయాలా?

మానక్కర్లేదు. బ్రాయిలర్‌కు హార్మోన్ ఇవ్వరు కాబట్టి ఆ దారిలో పిల్లలకు చేరేదేమీ లేదు. చిన్న వయసులో ఒళ్ళు ఎక్కువైతే ఆడపిల్లలు ముందుగా పుష్పవతులవుతారని వైద్యులు గమనించారు. నూనెలో వేయించిన తిళ్ళు, తీపి పానీయాలు, ఆటలు తగ్గిపోవడం మీద దృష్టి పెట్టండి. బ్రాయిలర్ మీద నా అభ్యంతరాలు కోడి తరఫునా రైతు తరఫునా. లేనిపోని భయం పెట్టి వాటిని గెలిపించుకోవాలని నేను అనుకోను.

## మిగతా పశువుల్లో

వీడియోల్లో కండలు తిరిగిన ఎద్దులు చూపిస్తారు. అవి నిజమేనా?

నిజమే. బెల్జియన్ బ్లూ అనే జాతి. కండ పెరుగుదలకు కళ్ళెం వేసే మయోస్టాటిన్ అనే జన్యువు ఒకటుంది. ఈ జాతిలో ఆ జన్యువు నుంచి 11 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయాయని 1997లో కనిపెట్టారు. కళ్ళెం లేదు కాబట్టి కండలు పొర మీద పొరగా పెరుగుతాయి.

ఆవు పరిస్థితి చూడండి. కడుపులో దూడ వెడల్పుగా, తల్లి కటి ఇరుకుగా ఉంటాయి. పదింట తొమ్మిది కన్నా ఎక్కువ ఈతలు ఆపరేషన్ తోనే. దూడల్లో కొన్ని లావాటి నాలుకతో పుట్టి పాలు చీకలేవు. మన పల్లెలో ఆవు ఈనిందంటే జున్నుపాలు పంచుకుంటాం. అక్కడ దాదాపు ప్రతి ఈతకూ డాక్టరు కత్తి పట్టుకోవాలి. కనడమనే మామూలు పని కూడా సొంతంగా చేసుకోలేని జాతిని మంచి జాతి అనడానికి నాకు నోరు రాదు.

పంది, టర్కీ, గొర్రెల్లో కూడా ఇలాగే జరిగిందా?

జరిగింది. టర్కీ కోడిలో ఛాతీ ఎంత పెంచారంటే పుంజు పెట్టను తొక్కలేదు, మనుషులే వీర్యం తీసి ఎక్కించాలి. పందుల్లో పలచని మాంసం కోసం ఎంచుకుంటూ పోతే, లారీ ఎక్కించే కంగారుకే ఒంటి వేడి విపరీతంగా పెరిగి చచ్చే గుణం వచ్చిపడింది. చంపాక మాంసం పాలిపోయి, మెత్తగా, నీరు కారుతూ ఉండేది. కారణమైన జన్యువును 1991లో పట్టుకున్నారు. రక్తపరీక్షతో ఆ గుణమున్న పందుల్ని ఏరివేసి చాలా మందల్లో దాన్ని పోగొట్టారు. గొర్రెల్లో 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో వెనక భాగం బాగా కండపట్టిన ఒక పొట్టేలు పుట్టింది. దాని వంశంలో మాంసం ఎక్కువ, కొవ్వు తక్కువ. కానీ నడుము మాంసం నమలలేనంత గట్టిగా ఉండటంతో మార్కెట్లో నిలవలేదు.

మన ఒంగోలు జాతిని బ్రెజిల్ వాళ్ళు మాంసానికే పెంచుతున్నారు కదా. అదీ ఇలాంటిదేనా?

ఒకే గాటన కట్టలేం. అక్కడ నెలోర్ అని పిలిచే ఆ జాతి పేరుకు మూలం మన నెల్లూరే. బ్రెజిల్ మాంసం పశువుల్లో పెద్ద భాగం అదే. ఎండకు తట్టుకోవడం, పిడుదులకు లొంగకపోవడం, బయట గడ్డి మేసి బతకడం, తేలిగ్గా ఈనడం: వాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నది ఈ గుణాలకే. మాంసానికి పెంచడమే తప్పని నేనెక్కడా అనడం లేదు. పశువు తన కాళ్ళమీద నిలబడి, తన దూడను తాను కనగలిగినంత వరకే ఎంపిక సాగాలి.

## ఇప్పుడు చేయగలిగింది

కంపెనీలకు ఇవన్నీ తెలియవా? దిద్దుకోవడం లేదా?

తెలుసు, కొంత దిద్దారు కూడా. మూల జాతుల్ని ఎంచేటప్పుడు కాలి ఎముకను చిన్న ఎక్స్‌రే పరికరంతో చూడటం, రక్తంలో ప్రాణవాయువు కొలవడం 1990ల నాటికే మొదలయ్యాయి. కాలి ఎముకలో వచ్చే ఒక రకం లోపమూ, పొట్టలో నీరు చేరడమూ అప్పటికన్నా తగ్గాయి. ఎంపికతో చెడినదాన్ని ఎంపికతోనే బాగుచేయవచ్చని దీంతో తేలింది. కానీ ఏటా బరువు కూడా పెరుగుతూనే ఉంది. ఒక చేత్తో దిద్దుతూ రెండో చేత్తో బరువు పెంచుతుంటే దిద్దుబాటు ఎప్పుడూ వెనకే ఉంటుంది. ఛాతీ కండ గట్టిపడటం అలా కొత్తగా ముందుకు వచ్చిన సమస్యే.

నెమ్మదిగా పెరిగే కోడి పెంచితే గిట్టుతుందా?

కిలో మాంసానికి మేత ఎక్కువ పడుతుంది, షెడ్డులో ఏడాదికి బ్యాచ్‌లు తగ్గుతాయి. మేత ఎక్కువంటే మొక్కజొన్న, సోయా పండించే భూమి కూడా ఎక్కువే. బ్రాయిలర్‌ను సమర్థించేవాళ్ళు చెప్పే ఈ మాట నిజం, కాదనకూడదు. చవకగా ప్రొటీన్ దొరకడం కూడా పేదింటికి చిన్న విషయం కాదు.

అయినా దారి లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో పెద్ద సూపర్ మార్కెట్లు తాజా కోడిమాంసంలో కనీసం 56 రోజులు పెరిగే రకాలకు మారాయి. ధర కాస్త పెరిగింది, కొనేవాళ్ళు కొంటున్నారు. మన దగ్గర రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను ఇచ్చింది. తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం రాజశ్రీ ఇచ్చింది. ఇవి పెరట్లో తిరిగి బతకగలవు. వేలల్లో షెడ్డు నింపడానికి తయారుచేసినవి కావు, వందల్లో పెట్టుకుని, నాటుకోడి ధర వచ్చే దగ్గర అమ్ముకోగలిగితే గిట్టుతాయి. ముందు కొనేవాళ్ళను చూసుకోండి, తర్వాత పిల్లల్ని తెచ్చుకోండి. ఆ వరస తిరగేసి నష్టపోయినవాళ్ళను చూశాను.

నేను కంపెనీ మార్చలేను, పిల్ల మార్చలేను. ఉన్న షెడ్డులో ఏం చేయను?

చేయగలిగినవి ఉన్నాయి. మొదటి వారం తర్వాత రోజూ ఒకే సమయానికి లైట్లు ఆర్పి, కనీసం నాలుగు గంటలు వరసగా చీకటి ఇవ్వండి. ఊకను రోజూ తిరగెయ్యండి, నీళ్ళు తాగే గొట్టాల (నిపుల్) కింద తడి ముద్దలు ఏరి పారెయ్యండి. గుప్పెట్లో నొక్కితే ఊక ముద్ద కట్టకూడదు. చదరపు అడుగుకు ఒక కోడి అనే లెక్క కాగితానికి సరిపోతుంది కానీ వేసవిలో అంతకన్నా చోటివ్వండి. అక్కడక్కడా ఇటుకలో, అడుగెత్తు గడ్డి మోపులో పెడితే ఎక్కి దిగుతాయి, కాళ్ళకు పని దొరుకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి కోళ్ళను మెల్లగా లేపుకుంటూ నడవండి. లేవలేని కోడిని చూసీ చూడనట్టు వదిలేయకండి. అది మేత దాకా పాక్కుంటూ వెళ్ళలేక, నీళ్ళు అందక రోజుల తరబడి చస్తుంది. పక్కన విడిగా పెట్టి నీళ్ళూ మేతా దగ్గరగా ఉంచండి, ఒక రోజులో తేరుకోకపోతే పశువైద్యుణ్ణి అడిగి బాధ లేకుండా ప్రాణం తీయించండి. అలాంటివి ఏ రోజున ఎన్ని వచ్చాయో షెడ్డు కార్డు మీద చచ్చిన కోళ్ళ గడి పక్కనే రాయండి.